తొమ్మిదేళ్ల సెక్రటరీ పని దిగాక: చార్జ్ లిస్టు, ఫోను, ఆదివారం మధ్యాహ్నం

వందనాలండీ. మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) పాస్టరేట్‌లో, అంటే ఒక పాస్టరు కింద ఉండే సంఘంలో, మూడు టర్ములు, అంటే తొమ్మిదేళ్లు సెక్రటరీగా చేశారు. చివరి టర్ములో ట్రెజరర్ పని కూడా మీ మీదే పడింది. ఏప్రిల్‌లో కొత్త కమిటీ వచ్చింది. ఆదివారం చర్చిలో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. ఫోన్లు సగం ఆగిపోయాయి, వచ్చే సగం కొత్త కమిటీ మీద ఫిర్యాదులే. ఇంట్లో ఉన్నా ఉన్నట్టు లేదు. వెస్ట్రీ (చర్చిలో పాస్టరు, కమిటీ వాడే గది) డూప్లికేట్ తాళం చెవి ఇంకా మీ గుత్తిలోనే ఉంది. కొన్నాళ్లు వేరే సంఘానికి వెళ్లిపోనా అని అడిగారు.

వెళ్లొద్దు, కనీసం ఈ ఏడాది వద్దు. ఎందుకో తర్వాత చెప్తాను. ముందు కాగితాల పని తేల్చండి.

బాధ్యత దిగినవాళ్లు చాలామంది విశ్రాంతితో మొదలుపెడతారు. ఈలోగా బ్యాంకు ఓటీపీలు వాళ్ల ఫోనుకే వస్తుంటాయి, బీరువా తాళం ఒకటి ఇంట్లోనే ఉంటుంది, కరెంటు బిల్లు మెసేజ్ నెలనెలా పలకరిస్తుంది. దిగామా, లేదా అన్నది మనసుకే తెలియదు. బైబిల్లో సమూయేలు ప్రవక్త దిగిపోయేటప్పుడు జనమందరి ముందు నిలబడి మొదట తేల్చుకున్నది లెక్కే (1 సమూయేలు 12): ఎవరి ఎద్దునైనా తీసుకున్నానా, ఎవరి దగ్గరైనా లంచం పుచ్చుకున్నానా అని అడిగి, లేదని వాళ్ల నోటితోనే చెప్పించుకున్నాడు. మీ కోసం ప్రార్థన చేయడం మాననన్న మాట ఆ తర్వాత ఎప్పుడో 23వ వచనంలో వస్తుంది. వరుస అది.

చార్జ్ లిస్టు

"అంతా బీరువాలోనే ఉంది, చూసుకోండి" అనడం చార్జ్ ఇవ్వడం, అంటే బాధ్యత అప్పగించడం, కాదు. మూడు కాపీలు రాయండి: ఒకటి మీకు, ఒకటి కొత్త సెక్రటరీకి, ఒకటి చైర్మన్ హోదాలో అయ్యగారికి (పాస్టరుకి). ముగ్గురూ ప్రతి పేజీ మీద సంతకం పెట్టాలి, చివరి పేజీ మీద మాత్రమే పెడితే చాలదు. అందులో ఉండాల్సినవి:

- మినిట్స్ బుక్కులు ఎన్ని, ఆఖరి మీటింగ్ తేదీ, ఆఖరి పేజీ నంబరు
- వాడిన రసీదు పుస్తకాలు, వాడనివి, సగం వాడినవి, వాటి సీరియల్ నంబర్లు. సగం వాడిన పుస్తకాల దగ్గరే తర్వాత గొడవలొస్తాయి. సంఘంలో ఎవరికైనా చందా వసూలుకి ఇచ్చిన పుస్తకం తిరిగి రాకపోతే వాళ్ల పేరుతో సహా రాయండి
- మిగిలిన చెక్కుల నంబర్లు, ఎఫ్‌డీ రసీదులు, అవి ఎప్పుడు మెచ్యూర్ అవుతాయో
- బాప్తిస్మం, కన్ఫర్మేషన్, వివాహం, భూస్థాపన రిజిస్టర్లు. ఇవి అయ్యగారి ఆధీనంలో ఉండాల్సినవి, కానీ చాలా చోట్ల సెక్రటరీ ఇంట్లో కనిపిస్తాయి
- స్థలం కాగితాలు: ఏది ఒరిజినల్, ఏది జిరాక్స్, ఒరిజినల్ డయాసిస్ (బిషప్ పరిధి) ఆఫీసులో ఉంటే ఆ సంగతి
- సంస్కారపు (ప్రభురాత్రి భోజనపు) పాత్రలు, మిక్సర్, యాంప్లిఫయర్, మైకులు, కీబోర్డు, ఒక్కోటి ఏ స్థితిలో ఉందో. "మైకులు 6" అని రాస్తే చాలదు, "మైకులు 6, అందులో 2 పనిచేయవు" అని రాయాలి
- తాళాలు, డూప్లికేట్లతో సహా

ట్రెజరర్ పని కూడా చూశారు కాబట్టి బ్యాంకు నిల్వను పాస్‌బుక్‌తో సరిపోల్చి చూపించండి. ఉదాహరణకు క్యాష్ బుక్‌లో బ్యాంకు నిల్వ 1,84,300 ఉంది, పాస్‌బుక్‌లో 1,96,800 ఉంది. తేడా 12,500. అది ఎలక్ట్రీషియన్‌కి ఇచ్చిన చెక్కు, అతను ఇంకా బ్యాంకులో వేసుకోలేదు. ఈ ఒక్క లైను చెక్కు నంబరుతో సహా రాయకపోతే ఆరు నెలల తర్వాత ఎవరో ఒకరు "పన్నెండు వేలు ఎక్కడివి" అని అడుగుతారు, అప్పటికి మీకూ గుర్తుండదు. చెక్కుకి మూడు నెలలే ఆయుష్షు, అది దాటితే కొత్త చెక్కు రాయాల్సింది కొత్తవాళ్లే. చేతిలో ఉన్న నగదు ఎంత చిన్న మొత్తమైనా చార్జ్ ఇచ్చే రోజుకి బ్యాంకులో జమ చేసేయండి.

ఇక మీ జేబులోంచి పెట్టింది. తొమ్మిదేళ్లలో పెట్టే ఉంటారు: క్యారల్స్ వ్యానుకి డీజిల్, ఎవరిదో భూస్థాపనకి ఫ్రీజర్ బాక్స్ అద్దె, వాచ్‌నైట్‌కి (డిసెంబరు 31 రాత్రి ఆరాధనకి) టీ. బిల్లు ఉన్నవాటికి వోచర్ రాసి అడిగి తీసుకోండి, మొహమాటపడొద్దు. బిల్లు లేనివి, అడగాలనిపించనివి ఉంటే "ఇవి నా కానుక, సంఘం నాకు బాకీ లేదు" అని ఒక ముక్క రాసి చార్జ్ లిస్టుకి జత చేయండి. అడగకుండా, వదలకుండా నాన్చిన డబ్బే రెండేళ్ల తర్వాత "నేనెంత పెట్టాను ఈ సంఘానికి" అనే మాటగా బయటికొస్తుంది. అంకె పెద్దదై ఉండక్కర్లేదు, నాలుగు వేలు చాలు మనసు విరగడానికి.

బ్యాంకు, క్యూఆర్ కోడ్, జీమెయిల్

కమిటీ మారినా బ్యాంకు దృష్టిలో పాత సంతకాలే చెల్లుతాయి. తీర్మానం కాపీ, కొత్తవాళ్ల కేవైసీ, నమూనా సంతకాలు ఇచ్చి, ఖాతాకున్న మొబైల్ నంబరు కూడా మార్పించాలి. ఆఖరిది మర్చిపోతారు. సంతకాలు మారి నంబరు మారకపోతే ప్రతి లావాదేవీ మెసేజ్ మీ ఫోనుకే వస్తుంది, రాత్రి పదకొండుకి "వీళ్లు టెంట్ హౌస్‌కి ఇంత ఎందుకిచ్చారు" అని మీరు పక్క మీద దొర్లుతుంటారు.

ఈ సంతకాలు మారేలోగా పని ఆగకూడదని ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టి ఇచ్చేస్తుంటారు. ఎంత నమ్మకస్తులకైనా ఇవ్వకండి. వోచర్, అయ్యగారి సంతకం చూశాకే ఒక్కో చెక్కు మీద సంతకం పెట్టండి, ఫొటో తీసి ఉంచుకోండి.

కానుకల పెట్టె మీద అంటించిన క్యూఆర్ కోడ్ ఎవరి నంబరుదో చూడండి. కరోనా రోజుల్లో తొందరలో ట్రెజరర్ సొంత నంబరుదే పెట్టేసి, దాన్నే కొనసాగించిన సంఘాలు చాలా ఉన్నాయి. మీదైతే ఈ వారమే పీకించండి. ఆ డబ్బు మీ పాన్ మీద, మీ ఖాతాలో కనిపిస్తుంది, ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లకి మీ చర్చి కథ తెలియదు. అందులో పడినదంతా తేదీలవారీగా స్టేట్‌మెంట్ తీసి సంఘం ఖాతాకి ఒకేసారి బదిలీ చేయండి, ఆ కాగితం కూడా చార్జ్ లిస్టుకే.

వాట్సాప్‌లో వరుస ముఖ్యం: ముందు కొత్త సెక్రటరీని అడ్మిన్ చేయాలి, తర్వాత మీ అడ్మిన్ హోదా తీయించుకోవాలి, ఆ తర్వాత కమిటీ గ్రూపులోంచి బయటికి రావాలి. ఉన్న ఒక్క అడ్మినూ చెప్పకుండా వెళ్లిపోతే వాట్సాప్ ఎవరో ఒకరిని అడ్మిన్ చేసేస్తుంది. సంఘం మొత్తం ఉన్న గ్రూపులో మాత్రం ఉండండి, మ్యూట్‌లో పెట్టి. చర్చి జీమెయిల్‌కి రికవరీ నంబరు మార్చండి. యూట్యూబ్ చానెల్ బ్రాండ్ అకౌంట్‌లో (పలువురు కలిసి నడిపే గూగుల్ ఖాతాలో) ఉంటే కొత్తవాళ్లను ఓనర్‌గా చేర్చిన ఏడు రోజులకు గానీ ప్రైమరీ ఓనర్‌గా మార్చడం కుదరదు, కాబట్టి శనివారం రాత్రి మొదలుపెట్టి ఆదివారం లైవ్‌కి అందిద్దామనుకోకండి.

ఆడిటర్ సందేహాలు మార్చి 31తో ముగిసిన ఏడాదికి జూలై నుంచి సెప్టెంబరు దాకా వస్తాయి. అవి మీ కాలానివే, జవాబు చెప్పాల్సింది మీరే. ఆ ఒక్క విషయానికి అందుబాటులో ఉంటానని రాతపూర్వకంగా చెప్పి, తారీఖు కూడా వేయండి: సెప్టెంబరు 30 వరకు. మీ చార్జ్ లిస్టు కాపీని పదేళ్లు దాచండి.

రాతలో లేని పరిజ్ఞానం

ఏ రిజిస్టరులోనూ లేనిది మీ తలలో చాలా ఉంది. నాలుగు పేజీలకు మించకుండా రాసివ్వండి. క్రిస్మస్‌కి మైకు పర్మిషన్ అర్జీ పోలీస్ స్టేషన్‌లో ఎన్నాళ్ల ముందు ఇవ్వాలి, సమాధుల తోటలో గుంట తవ్వేవాళ్ల నంబరు, జనరేటర్ స్టార్ట్ కాకపోతే మొదట ఏం చూడాలి, మొదటి ఆదివారం సంస్కారానికి ఎంత ద్రాక్షారసం. ఈ ఆఖరిది అంకెల్లో రాయండి: చిన్న కప్పుకి సుమారు 10 మిల్లీలీటర్లు, 200 మందికి 2 లీటర్లు, ఒలికేదానికి, వృద్ధుల ఇళ్లకు తీసుకెళ్లే సంస్కారానికి ఇంకో అర లీటరు. ఈస్టర్‌కి దీనికి ఒకటిన్నర రెట్లు. కొత్తవాళ్లు ఇది తెలియక మొదటి నెల తక్కువ తెస్తారు, అప్పుడు మీకు ఫోనొస్తుంది, మీరు పరుగెత్తుతారు, మళ్లీ సెక్రటరీ అయిపోతారు.

ఇచ్చాక వాళ్లు చదవకపోవచ్చు. వేరే పద్ధతిలో చేయొచ్చు. ఆ హక్కు వాళ్లది.

కుటుంబ తగాదాలు, సహాయ నిధి నుంచి ఎవరికెంత ఇచ్చారు, ఎవరు దశమభాగం ఎంత ఇస్తారు వంటివి రాసుకున్న మీ సొంత నోట్‌బుక్ ఉంటే ఆ కాగితాల్లో కలపకండి. లెక్కకి కావాల్సినవి ఇప్పటికే వోచర్లలో ఉన్నాయి. మిగతాది చింపి కాల్చేయండి. పదవి పోయినా ఆ గుట్టు మీదే.

ఫోను

వచ్చే ఫోన్లు మూడు రకాలు, మూడింటికీ ఒకే జవాబు పనికిరాదు.

సమాచారం అడిగేవాళ్లు: "బాప్తిస్మం సర్టిఫికెట్ ఎలా తీసుకోవాలన్నా?" జవాబు మీకు తెలిసినా చెప్పకండి. "సెక్రటరీ గారి నంబరు పంపిస్తున్నా, ఆయన చూస్తారు" అని ఫోన్ పెట్టగానే నంబరు పంపండి. సాయం చేయనట్టు అనిపిస్తుంది. కానీ మీరు చెప్పినన్నాళ్లూ జనం కొత్తాయన్ను అడగరు, ఆయనకూ పని రాదు.

ఆపదలో ఉన్నవాళ్లు: ఆసుపత్రి, చావు. వెళ్లండి, పొరుగువాడిగా, సంఘస్థుడిగా. దారిలోనే అయ్యగారికి ఫోన్ చేసి చెప్పండి. అక్కడ ఏర్పాట్లు నెత్తినేసుకోకండి. కుర్చీలు ఎవరు తెస్తారో, కూటం ఎన్నింటికో కొత్తవాళ్లు చెప్పేదాకా ఆ ఇంటివాళ్ల పక్కన కూర్చోండి. చేతులు ఆడించకుండా కూర్చోవడం మొదట్లో చాలా కష్టం.

ఫిర్యాదు చేసేవాళ్లు: వీళ్ల దగ్గరే మీ తొమ్మిదేళ్ల మంచి పేరు పోయే ప్రమాదం ఉంది. "మీ టైములో ఇలా ఉండేది కాదన్నా" అన్న మాట తియ్యగా ఉంటుంది, రెండు నిమిషాలు విన్నారంటే మీరు ఒక వర్గానికి పెద్ద అయిపోయినట్టే. "ఇది నాతో అంటే లాభం లేదు బ్రదర్, ఆయనతోనే అనండి" అని ఒక్క వాక్యం, వెంటనే వాళ్ల పిల్లల చదువు గురించి అడగండి. "మా టైములో అయితే" అన్న మాట మీ నోట రాకూడదు, పొగడ్తగా కూడా.

మీరు రాసినదాంట్లో అసలు నొప్పి వేరే చోట ఉందనిపిస్తోంది. ఫోన్లు సగం ఆగిపోయాయన్నారు. పని తగ్గిందని కాదు ఆ బాధ. ఎవరి కూతురికి సంబంధం కుదిరినా, ఎవరికి గుండె నొప్పొచ్చినా మొదట తెలిసేది మీకు. ఇప్పుడు ఆదివారం ప్రకటనల్లో అందరితో పాటు తెలుస్తోంది. తొమ్మిదేళ్లు ఊరి వార్తలన్నీ మీ మీదుగా పోయాయి, ఆ అలవాటు కాఫీ మానేసినట్టే తలనొప్పి తెస్తుంది. దీనికి మందు ఇంకో దారిలో సమాచారం సంపాదించడం కాదు. కమిటీలో ఉన్న స్నేహితుణ్ణి "నిన్న మీటింగ్‌లో ఏమైంది" అని అడగడం మానండి. అదే అన్నిటికంటే త్వరగా తగ్గే అలవాటు, మొదటి రెండు నెలలు పట్టుకుంటే చాలు.

ఆదివారం

వేరే సంఘానికి ఎందుకు వద్దన్నానంటే, మన సంఘాల్లో మాజీ సెక్రటరీ రెండు వారాలు కనిపించకపోతే "అలిగాడు" అంటారు, నాలుగో వారానికి ఎందుకలిగాడో కారణం కూడా వాళ్లే చెప్తారు. తిరిగి వచ్చాక ఆ కథకి జవాబు చెప్పుకోవడమే పని. నెలకో ఆదివారం అత్తగారి ఊళ్లోనో, సొంత పల్లెలోనో ఆరాధనకి వెళ్లండి, అది ఎవరూ పట్టించుకోరు. మిగతా మూడు మీ చర్చిలోనే.

కూర్చునే చోటు మాత్రం మార్చండి. ఇన్నాళ్లూ వెస్ట్రీ తలుపు పక్క బెంచీ మీదో, వెనకాల స్తంభం దగ్గరో నిలబడి ఉంటారు, అక్కడి నుంచి ఫ్యాను తిరగకపోయినా కనిపిస్తుంది. ముందు నుంచి మూడో వరుసకి వెళ్లండి. అక్కడ కూర్చుంటే మీ వెనక ఏం జరుగుతుందో కనిపించదు. మైకు కూత పెడితే వెనక్కి తిరగకండి. ఆరాధన 9:30కి అయితే 9:25కి చేరండి. దీవెన అయ్యాక పావుగంట పలకరింపులు, తర్వాత ఇల్లు. కానుకలు లెక్కపెట్టే గది వైపు అసలు పోవద్దు. "ఒక్కసారి వచ్చి చూడన్నా" అని పిలిచినా సరే.

అలా చేస్తే మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండున్నర దాకా ఖాళీ. ఇదే మిమ్మల్ని మింగేది. ఆ రెండున్నర గంటలకి వారం ముందే ఒక పని పెట్టుకోండి, ఇంట్లోవాళ్లతో కలిసి చేసేదై ఉంటే మేలు. వంట చేయడం రాకపోతే కనీసం చికెన్ కొనుక్కురావడం, ఉల్లిపాయలు కోయడం. నవ్వుకోవద్దు, ఏళ్ల తరబడి ఆదివారం భోజనం మీరు లేకుండానే అయిపోయింది, ఆ బల్ల దగ్గర మీ కుర్చీ మీరే తెచ్చుకోవాలి. "ఇప్పుడైనా మాతో ఉండు" అన్న మాటలో కోపం కూడా ఉంటుంది, దానికి సంజాయిషీ ఇవ్వకుండా వినండి. మీ భార్య కూడా తొమ్మిదేళ్లు "సెక్రటరీ గారి భార్య"గానే చలామణీ అయ్యారు. ఆమెకి ఇది ఊరటో, వెలితో అడిగి తెలుసుకోండి, రెండూ కావచ్చు.

మొదటి డిసెంబరు అన్నిటికంటే గడ్డుగా ఉంటుంది. క్యారల్స్ రూటు మ్యాపు, వ్యాన్లు, స్టార్ కట్టడం, వాచ్‌నైట్‌కి షామియానా, అన్నీ మీరు లేకుండా, మీకంటే కొంచెం వంకరగా జరుగుతాయి. క్యారల్స్ మీ ఇంటికొచ్చే రాత్రి ఇంట్లోనే ఉండి టీ, కేకు సిద్ధం చేయండి. ఈసారి మీరు గృహస్థులు, అంతే.

కొత్త పని ఎప్పుడు

సంఖ్యాకాండము 8:25, 26 చదవండి. లేవీయులు, అంటే దేవుని గుడారంలో సేవ చేసే గోత్రంవాళ్లు, 50 ఏళ్లు రాగానే గుడారపు పని మానాలి. తమ సహోదరులకు తోడుగా కాపుకాయవచ్చు, ఆ పని మాత్రం చేయకూడదు. దిగినవాడి హద్దు ఇంత కచ్చితంగా గీసిన చోటు వాక్యంలో ఇంకోటి లేదు.

కాబట్టి మొదటి ఆరు నెలలు ఏ పదవీ వద్దు. "సలహాదారు" అన్న పేరుతో పిలిస్తే మరీ వద్దు, అది పని లేని పెత్తనం. బిల్డింగ్ కమిటీ, కోత పండుగ కమిటీ, డయాసిస్ కౌన్సిల్ ఎన్నికలు, అన్నిటికీ ఒకటే మాట: "వచ్చే ఏడు చూద్దామండీ." ఆరు నెలల తర్వాత తీసుకునే పనికి మూడు గుర్తులు చూసుకోండి. తాళం ఉండకూడదు, లెక్క ఉండకూడదు, మీటింగ్ ఉండకూడదు. మంచం పట్టిన ఇద్దరు వృద్ధుల్ని వారానికోసారి చూసి రావడం, సండే స్కూల్లో ఇంకో టీచరు కింద సహాయకుడిగా ఉండటం వంటివి. ఇంకొకరి కింద అన్నది మర్చిపోవద్దు.

వెలితి మామూలే, కొన్ని నెలలు ఉంటుంది. కానీ రెండు వారాలకు పైగా నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం ఉంటే దాన్ని విశ్వాసం తగ్గడంగా లెక్కవేసుకోకండి, డాక్టరుకి చూపించుకోండి. టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇప్పటికిప్పుడు చేయాల్సింది మీ గుత్తిలోని ఆ వెస్ట్రీ డూప్లికేట్. ఈ ఆదివారం ఆరాధనకి ముందే కొత్త సెక్రటరీ చేతికివ్వండి, చార్జ్ లిస్టులో తాళాల వరుస కింద తేదీ వేయించి సంతకం తీసుకోండి.